ఆపమనే చెయ్యి

రూఫస్‌తో నేను ఆ ఎండాకాలమంతా మాట్లాడినాను, చేతులతో. నోటితో మాట్లాడింది మూడే మూడుసార్లు.

అతను క్రేను గదిలో ఉండేవాడు, నా నెత్తికి తాటిచెట్టంత ఎత్తున, అద్దాల వెనక. నేను ఓడ మీద, బొగ్గు గొయ్యి అంచున నిలబడేవాణ్ణి. నేను చూపుడువేలు కిందికి చూపించి తిప్పితే గ్రాబ్ గొయ్యిలోకి దిగేది. పైకి చూపించి తిప్పితే లేచేది. గ్రాబ్ అంటే రెండు దవడల ఇనప నోరు. ఒక్క కాటుకు లారీ నిండేంత బొగ్గు పట్టేది. పట్టుకొని లేచి, అవతల కట్టేసిన సరుకు పడవ, బార్జి మీదికి తిరిగి, అక్కడ నోరు తెరిచేది. మళ్ళీ నా దగ్గరికి వచ్చేది. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా అదే పని.

నిండు బరువుతో ఉన్న పెద్ద ఓడలు మా ఒడ్డుకు రాలేవు. అడుగు నేలకు తగులుతుంది. అందుకని నడిసముద్రంలోనే లంగరు వేసి, నీళ్ళ మీద తేలే ఈ క్రేనును పక్కకు తెచ్చి కట్టి, సగం బొగ్గు బార్జిల్లోకి దించుతారు. బరువు తగ్గేకొద్దీ ఓడ పైకి లేస్తుంది. లేచిన ఓడ లోపలికి పోతుంది. మేము మాత్రం అక్కడే ఉంటాం, ఇంకో ఓడ వచ్చేదాకా. సముద్రం నెమ్మదిగా ఉండే నెలల్లోనే ఈ పని. మాఘంలో మొదలుపెడితే రోహిణి కార్తెలో గాలి మారేదాకా.

తెల్లవారి మంచు లేకపోతే పడమట సరుగుడు తోపులు సన్నటి గీతలాగా కనిపించేవి. ఎండెక్కితే ఆ గీత కూడా కరిగిపోయేది. ఆ తర్వాత ఎటు చూసినా నీళ్ళే.

నేను సముద్రం మనిషిని కాదు. విడవలూరు దాపున వరి చేసుకునేవాణ్ణి. ఎందుకు పోయినానంటే, ఇంట్లో ఉండలేక పోయినాను.

మాకు రెండు వరి కయ్యలు, దిగువ ఒకటి, ఎగువ ఒకటి. దిగువ కయ్యకు మూడు పక్కలా రొయ్యల గుంటలు వచ్చినాయి. నేలలో ఉప్పు ఊరి, నాటిన పైరు నాటినట్టే ఎర్రబడి పోయేది. రెండేళ్ళు చూసినాను. మూడో ఏడు గుంటలు చేసే విజయభాస్కర్ మా ఇంటిముందు మోటారు సైకిల్ ఆపి, దిగకుండానే, "దిగువది ఇప్పుడియ్యి చెంగయ్యా. ఎగువది ఈ పంట కోసుకున్నాక ఇద్దువు. రెండూ కలిపి ఒకటే గుంట చేస్తా," అన్నాడు. సరే అన్నాను. దిగువదానికి కాగితం మీద సంతకం. ఎగువదానికి నోటి మాట.

మా ఆడమనిషిని అడగలేదు. దాచాలని కాదు. అడగాలని తోచలేదు. మా ఇంట్లో మాటలు ఎప్పుడూ తక్కువే.

ఆమె పేరు వెంకటశేషమ్మ. ఊళ్ళో శేషమ్మ అంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ రెండు కయ్యలూ గుంతలూ మిట్టలుగా ఉండేవి. మూడు ఎండాకాలాలు కాలవ పూడిక తెచ్చి పోసి చదును చేసినాం. పార పట్టింది నేను. గంప మోసింది ఆమె.

మట్టి తవ్వే ప్రొక్లెయిన్ దిగువ కయ్యలోకి దిగిన రోజే ఆమెకు సంగతి తెలిసింది. ఎగువ కయ్యలో కలుపు తీస్తా ఉన్నది తీస్తున్నట్టే వదిలి, కయ్యల నడుమ గెనిమల మీద పరిగెత్తుకొని వచ్చి, మిషనుకు ఎదురుగా నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. చేతుల నిండా బురద. నోటితో ఒక్క మాట అనలేదు. మిషను నడిపే ఆయన ఓ తమిళాయన. ఆపి, నా వంక చూసినాడు. గెనిమ మీద విజయభాస్కర్, ఇంకో నలుగురు ఉన్నారు. వాళ్ళూ నా వంకే చూసినారు.

నేను చెయ్యి ఊపి, "నువ్వు కానీ," అన్నాను.

తమిళాయన ఆమెను చుట్టి అవతలి మూలకు పోయి అక్కడి నుంచి తవ్వకం మొదలుపెట్టినాడు. మొదటి తొట్టి మట్టి గెనిమ మీద పడేదాకా ఆమె అట్టనే నిలబడింది. పడినాక చేతులు దించుకొని ఇంటికి పోయింది.

ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది. నీళ్ళు తోడేది. ఎగువ కయ్యలో నేను ఈ కొస నుంచి కలుపు తీసుకుంటా పోతే ఆమె ఆ కొసకు పోయేది. మాటలు తక్కువగా ఉండడం వేరు, అసలు లేకపోవడం వేరు. ఆ తేడా నాకు అప్పుడు తెలిసింది. పదిరోజులు పోయినాక పక్క పాళెం ఓబయ్య వచ్చి, "బొగ్గోడ మీదికి మనుషులు కావాలంట, వస్తావా మామా?" అంటే, ఎన్నాళ్ళని కూడా అడక్కుండా గుడ్డల సంచి తీసుకున్నాను.

గడప దగ్గర నిలబడి, "ఎండాకాలం దాటినాక వస్తా," అన్నాను. ఆమె బియ్యం చెరుగుతా ఉంది. చాట ఆగలేదు.

*

మొదట నన్ను కూడా ఓబయ్యతో పాటు గొయ్యిలోకే దించినారు. ఓడ గొయ్యి ఎంత ఉంటుందంటే, మా ఊరి బడిని ఆవరణతో సహా అందులో పెట్టొచ్చు. మధ్యలో బొగ్గు గ్రాబ్ ఎత్తుకుంటుంది. పక్కల్లో మిగిలింది దానికి అందదు. దాన్ని ఐదుగురం పారలతో మధ్యకు లాగి కుప్ప చెయ్యాలి. నిట్టనిలువు ఇనప గోడల మధ్య ఆకాశం పైన నలుచదరంగా కనిపించేది. బావిలో పని చేసినట్టే.

వారం దాటినాక, పైన చేతి గుర్తులు చూపించే మనిషికి జ్వరం తగిలి లాంచీలో ఒడ్డుకు పోయినాడు. మేస్త్రీ మా ముఖాలు చూసుకుంటా నిలబడినాడు.

"మా మామను పెట్టండి సార్," అన్నాడు ఓబయ్య. "ఇంట్లో కూడా ఈయన చేతులతోనే మాట్లాడతాడు. నోరు అన్నానికి తప్ప తెరవడు."

అందరూ నవ్వినారు. ఓబయ్యకు మా ఇంటి సంగతి తెలీదు. ఊరికే అన్నాడు.

రూఫస్‌తో మొదటిసారి మాట్లాడింది ఆ రోజే. కోవూరు మనిషి. సన్నగా, మెడలో నల్లదారానికి చిన్న సిలువతో ఉండేవాడు. క్రేను నడిపేవాళ్ళకు పైనే గది, పైనే భోజనం. మేము కింద రేకుల గదుల్లో పడుకునేవాళ్ళం. అందుకని ఎదురుపడేది తక్కువ. ఆ పొద్దు మాత్రం పనిగట్టుకొని నిచ్చెన దిగి వచ్చినాడు.

"నీ పేరేందన్నా?"

"చెంగయ్య."

"చెంగయ్యన్నా, నాకు పై నుంచి గొయ్యి అడుగు కనపడదు. నీ కళ్ళే నాకు కళ్ళు. దించమని నువ్వు చెప్తేనే దించుతా. మేస్త్రీ చెప్పినా దించను, కప్తాను చెప్పినా దించను. తెలిసిందా?"

"తెలిసింది."

దాని తర్వాత ఇంకో మాట కూడా చెప్పినాడు. తలూపినాను గానీ మనసుకు పట్టించుకోలేదు. మొదటి మాట దగ్గరే ఆగిపోయినాను. యాభై రెండేళ్ళలో ఎవరూ నాతో అట్టా అని ఉండలేదు.

నాకు ఆ పని త్వరగానే చేతికి వచ్చింది. కయ్యకు నీళ్ళు కట్టేటప్పుడు మడవ దగ్గర ఒకరు, కయ్య కొసన ఒకరు ఉంటాం. నీళ్ళు చాలినాయో లేదో కొసన ఉన్నవాడికే తెలుస్తుంది. వాడు చెయ్యి చూపిస్తే మడవ దగ్గర ఉన్నవాళ్ళు కట్టేస్తారు. ముప్పై ఏళ్ళు మడవ దగ్గర శేషమ్మ, కొసన నేను. ఇక్కడా నేను కొసనే ఉన్నాను, అంతే అనుకున్నాను. నెల తిరిగేసరికి నేను వేలు కదిలించకముందే గ్రాబ్ కదులుతున్నట్టు ఉండేది. వాకీటాకీ ఒకటి మెడలో వేసినారు గానీ ఆ హోరులో దాని మాట మా ఇద్దరికీ పట్టేది కాదు. అద్దం వెనక రూఫస్ ముఖం కనపడేది కాదు, తెల్లచొక్కా ఒకటే కనపడేది. ఆ తెల్లచొక్కాతో పొద్దంతా మాట్లాడుకుంటా ఉండేవాణ్ణి.

ఓడలు వచ్చేవి, పోయేవి. వాటి మనుషులు మా మనుషులు కారు. కమ్మీ దగ్గర నిలబడి మా వంక చూసేవాళ్ళు. ఒకాయన రోజూ ఒకే చొక్కా ఉతికి ఒకే చోట ఆరేసేవాడు. ఒకరోజు నాకు చెయ్యి ఊపినాడు. నేనూ ఊపబోయి, గ్రాబ్ నెత్తిన ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాను. మర్నాడు ఆ ఓడ పోయింది. ఇప్పటికీ ఆయనకు నేను బాకీ పడినట్టే అనిపిస్తుంది.

*

క్రేను వెనక భాగాన, మోకులు చుట్టలు పెట్టిన చోట, ఒక్క మూలలో ఫోను పలికేది. అన్నం తిన్నాక అందరూ అక్కడికే చేరేవాళ్ళు. కొడవలూరు మాథ్యూ, మా వంట మనిషి, అక్కడే గిన్నెలు తోముకుంటా అందరి కాపురాలూ వినేవాడు.

నేను ఇంటికి చేసేవాణ్ణి. శేషమ్మ ఎత్తేది. ఎత్తి, ఏమీ అనేది కాదు.

"నేనే," అనేవాణ్ణి.

అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆమె ఊపిరి మాత్రం వినపడేది. తర్వాత ఫోను ఎక్కడో గట్టు మీద పెట్టిన చప్పుడు. ఇంక నేను విన్నదంతా ఇల్లే. దూడ గిట్టలతో నేల కొట్టుకోవడం, చేద బావిలోకి దిగే గిలక చప్పుడు, పొయ్యిలో చితుకులు విరిగి పడడం. ఎగువ కయ్యలో ఉన్నప్పుడైతే గాలికి వరి వెన్నులు ఒరుసుకోవడం. గింజ పాలు పోసుకొనిందా, గట్టిపడిందా అని ఆ చప్పుడు బట్టి పోల్చుకునేవాణ్ణి. ఆమె ఫోను కట్టేసేది కాదు. నేను కట్టేసేదాకా అట్టనే ఉంచేది.

"ఏందన్నా, అరగంట చెవి దగ్గర పెట్టుకుంటావు, ఒక్క మాటా ఆడవు," అన్నాడు మాథ్యూ. "ఆమె అంత మాటకారా? నీకు సందియ్యదా?"

"ఊఁ," అన్నాను.

ఫాల్గుణం చివర్లో ఒకరోజు ఫోనులో కోత మిషను హోరు వినపడింది. ఎగువ కయ్య కోస్తా ఉన్నారు. ఒక్కతే కోయించుకుంటా ఉంది. నేను అక్కడ లేను. హోరు ఆగేదాకా విన్నాను. ఎండకు మోకు చుట్ట కాలతా ఉంది, లేచి నీడకు పోలేదు.

ఆ మర్నాటి నుంచి ఆమె ఫోను ఎత్తలేదు.

నాలుగు రోజులు చూసి మా ప్రత్యూషకు చేసినాను. మా కూతురు, నెల్లూరులో కంటి ఆస్పత్రిలో చేస్తుంది. ఆదివారం ఊరికి పోయి వచ్చి చెప్పింది.

"కోసినాక అమ్మ ఇంట్లో ఉండడం లేదు నాయనా. పొద్దస్తమానం ఎగువ కయ్యలో, ఆ కొయ్యకాళ్ళ మధ్యన కూర్చొని ఉంటుంది. మట్టిగడ్డలు ఏరుతా, మళ్ళీ అక్కడే వేస్తా. ఎండ దెబ్బ తగులుతుందే అంటే వినదు."

"గొడుగు తీసుకొని పొమ్మను."

"గొడుగు సంగతి కాదు నేను చెప్పేది. నువ్వొచ్చి ఆమెతో మాట్లాడు."

"ఏం మాట్లాడేది?"

"నాకేం తెలుసు నాయనా? ఇచ్చింది నువ్వు."

ఫోను కట్టేసినాను. ఎగువదానికి కాగితం లేదు. మాట ఒక్కటే ఉంది. అయితే మా వైపున మాటంటే కాగితం కంటే గట్టిది. మాట తప్పినవాడి గెనిమ మీద ఎవరూ కాలు పెట్టరు. ఇంటికి పోయి ఏం చెప్పను, ఎవరికి చెప్పను అని అనుకుంటా ఉండంగానే పని గంట కొట్టినారు.

*

వైశాఖంలో వచ్చిన ఓడ ఆ ఏటికి ఆఖరుది.

మజ్జిగ వేళకు మాకు ఒక పద్ధతి ఉండేది. పదకొండు గంటలకు మాథ్యూ మజ్జిగ క్యాను మోసుకొని ఓడ మీదికి వచ్చి మూత మీద గరిటెతో కొడతాడు. గొయ్యిలో ఉన్న ఐదుగురూ నిచ్చెన ఎక్కి పైకి వస్తారు. నేను ఐదు తలలు లెక్క పెట్టుకొని, వాళ్ళు మజ్జిగ తాగే లోపల మధ్య కుప్పను గబగబా ఎత్తిస్తాను. మనుషులు అడ్డం లేరు గనక ఆ కాసేపూ గ్రాబ్ జోరుగా దిగేది.

ఆ రోజూ ఐదు తలలు లెక్క పెట్టుకున్నాను. ఐదోవాడు ఓబయ్య. అవతలి అంచుకు పోయి గ్లాసు అందుకోవడం కూడా చూసినాను. చూసి, తల గొయ్యి వైపు తిప్పుకున్నాను.

ఆ తర్వాత జరిగింది నాకు పిమ్మట తెలిసింది. ఓబయ్య గ్లాసు నోటి దాకా ఎత్తి, నడుం తడుముకొని, వక్కాకు ముడేసిన తువ్వాలు కింద మర్చిపోయినట్టు గుర్తొచ్చి, "పట్టుకో మాథ్యూ, ఇప్పుడే వస్తా," అని గ్లాసు మాథ్యూ చేతిలో పెట్టి, నా వెనక నుంచి వచ్చి, నా పక్కనున్న రెండో నిచ్చెన దిగినాడు. ఆ నిచ్చెన సరిగ్గా నా కాళ్ళ కింద, అంచు లోపలికి తిరిగిన చోట ఉంటుంది. వంగి చూస్తే తప్ప కనపడదు. నేను వంగలేదు. నాకు ఐదు తలలూ పైనే ఉన్నాయి.

వేలు కిందికి చూపించినాను. గ్రాబ్ నోరు తెరుచుకొని దిగుతా ఉంది.

అవతలి అంచున మాథ్యూ రెండు చేతులూ పైకెత్తి ఊపుతా ఉన్నాడు. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో గ్లాసు. గ్లాసులో మజ్జిగ మోచేతి మీదుగా కారి నెత్తిన పడతా ఉంది. నోరు తెరిచి ఏదో అరుస్తా ఉన్నాడు, క్రేను హోరులో వినపడలేదు. వీడి ఆటలు వీడివి అనుకున్నాను. పక్కన మజ్జిగ తాగుతున్న నలుగురూ మాథ్యూను చూసినారు, తర్వాత నన్ను చూసినారు. నాకు ఒళ్ళు మండింది.

తలెత్తి తెల్లచొక్కా వైపు చూసి, చెయ్యి ఊపినాను. నువ్వు కానీ.

గ్రాబ్ ఆగిపోయింది.

ఆపమని నేను చెప్పలేదు. మళ్ళీ వేలు కిందికి చూపించినాను. కదల్లేదు. మూడోసారి చూపించినాను. గొయ్యి నడిమధ్యలో మోకులకు వేలాడతా, అటూ ఇటూ కొంచెంగా ఊగతా, దవడల నుంచి బొగ్గు పొడి రాలుస్తా, అట్టనే ఉండిపోయింది. నా చెయ్యి ఉండంగా వంట మనిషి చేతికి ఆగినాడే అని ముఖం మీద కొట్టినట్టయింది.

అప్పుడు నా కాళ్ళ కింద నుంచి ఓబయ్య నడుచుకుంటా బయటికి వచ్చినాడు. తువ్వాలు దులిపి నెత్తికి చుట్టుకుంటా, కుప్ప మీదుగా, తెరుచుకున్న దవడల కిందికి. నీడ పడిందని తలెత్తి చూసినాడు. ఆయనకూ దవడలకూ మధ్య ఇంకో మనిషి పట్టేంత ఎడం.

"ఏంది మామా, నన్నే ఎత్తి బార్జిలో ఏద్దామనా?" అన్నాడు.

నవ్వినాడు. నవ్వు మధ్యలోనే ఆగింది. అక్కడే బొగ్గు మీద కూలబడినాడు.

నా వేలు ఇంకా కిందికే చూపిస్తా ఉంది.

రూఫస్ దిగి వచ్చినాడు. అది రెండోసారి. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. మాథ్యూ దగ్గర గ్లాసు అందుకొని, అడుగున మిగిలింది తాగి, నా పక్కన ఇనప అంచు మీద కూర్చున్నాడు.

"మొదటి రోజు నీకు రెండు మాటలు చెప్పినానన్నా. నువ్వు ఒకటే పెట్టుకున్నావు."

"ఏం చెప్పినావు?"

"దించమని ఒక్కడే చెప్పాల. ఆపమని ఎవురైనా చెప్పొచ్చు. వంటాయన చెప్పినా ఆపుతా, దోవన పొయ్యేవాడు చెప్పినా ఆపుతా. ఎందుకని అడగను. ముందు ఆపుతా, తర్వాత అడుగుతా."

"ఊరికే చెప్పి ఉంటే?"

"ఊరికే అయితే ఏముండాది? మళ్ళా దించుకుంటాం. దించినాక తెలిస్తే ఏం చేస్తావన్నా?"

రూఫస్ నా భుజం మీద చెయ్యి వేసినాడు. "ఓబయ్యకేం కాలేదు గదా. లే, పోయి నువ్వూ ఇంత మజ్జిగ తాగు."

నేను ఓబయ్యను గురించి అనుకోవడం లేదు. తమిళాయనను గురించి అనుకుంటా ఉన్నాను. ఆయన మిషను ఆపనైతే ఆపినాడు. ఆపి, నా వంక చూసినాడు.

*

రోహిణి కార్తెలో దక్షిణం గాలి లేచింది. అలలు క్రేను పక్కలకు కొట్టడం మొదలుపెట్టినాయి. ఒక టగ్గు వచ్చి క్రేనును వేరే రేవుకు లాక్కొని పోతుందన్నారు. మమ్మల్ని లాంచీ ఎక్కించే ముందు రూఫస్ నిచ్చెన సగం దాకా దిగి వచ్చినాడు.

"మాఘంలో మళ్ళా వస్తాం. నువ్వొస్తావా అన్నా?"

"తెలీదు."

"ఇంటికాడ పనుండాదా?"

"ఉండాది. ఆలస్యమైందేమో."

లాంచీ దూరమయ్యేదాకా చూస్తా ఉన్నాను. తెల్లచొక్కా మెట్లెక్కి అద్దాల వెనక్కు పోయింది. నాకు తెలీకుండానే వేలు పైకెత్తి తిప్పినాను. ఎత్తేదేమీ లేదు గదా, క్రేను కదల్లేదు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. శేషమ్మ కాళ్ళకు నీళ్ళు తెచ్చి గడప ముందు పెట్టి లోపలికి పోయింది. చిక్కింది. ఎండకు ముఖం నల్లగా అయింది. నా ముఖం బొగ్గుకు నల్లబడింది. "శేషమ్మా," అన్నాను. గిన్నెల చప్పుడు ఒక క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

కాళ్ళు కడుక్కుంటా ఉండంగానే విజయభాస్కర్ ఫోను చేసినాడు.

"వచ్చినావంటనే! మంచిదైంది. రేప్పొద్దున ఎగువదాంట్లోకి మిషను దించతా ఉన్నా. కాలవకు నీళ్ళొచ్చినాయి, నేల నానకముందే తవ్వెయ్యాల."

వద్దని అప్పుడే చెప్పుండొచ్చు. నోటిదాకా వచ్చింది. మాట ఇచ్చిన మనిషితో ఆ మాట లేదని చెప్పడం నాకు చేతకాలేదు. "ఊఁ," అన్నాను. లోపల గిన్నెల చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

పొద్దున ఎగువ కయ్యకు పోయినాను. మిషను అప్పటికే గెనిమ దాటి కొయ్యకాళ్ళలోకి దిగి ఉంది. నడిపేది ఆ తమిళాయనే. నన్ను చూసి తలపంకించినాడు. విజయభాస్కర్, ఆయన మనుషులు ఇద్దరు గట్టు మీద ఉన్నారు. నేను వెనక్కు తిరిగి ఊరి దోవ వంక చూసినాను. ఎవరూ పరిగెత్తుకొని రాలేదు. దోవ పొడుగునా ఖాళీ.

"ఊఁ, కానీ," అన్నాడు విజయభాస్కర్.

తొట్టి పైకి లేచింది.

నేను తువ్వాలు గెనిమ మీద పెట్టి, కయ్యలోకి దిగి, మిషనుకు ఎదురుగా పోయి రెండు చేతులూ పైకెత్తినాను.

తొట్టి ఆగింది.

"ఏంది చెంగయ్యా పొద్దున్నే ఈ ఎగతాళి? పక్కకు రా."

నేను పోలేదు.

"మాటిచ్చినావా లేదా?"

"ఇచ్చినా."

"మరి?"

"ఆపమంటా ఉన్నా."

"సముద్రంలో బొగ్గు తిని బుర్ర కూడా నల్లబడినట్టుండాదే!" గట్టు మీద ఇద్దరూ నవ్వినారు. "ఆ పొద్దు నీ పెళ్ళాం చేసిన పనే ఈ పొద్దు నువ్వు చేస్తా ఉండావు."

"అవును," అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. మిషను వైపు తిరిగి, "నువ్వు కానీ! ఆయన్ను చుట్టి అవతల నుంచి పట్టు!" అని అరిచినాడు.

తమిళాయన ఆయన వంక చూసినాడు. నా చేతుల వంక చూసినాడు. ఇంజను కట్టేసినాడు.

"ఒకసారి చుట్టి పోయినా సార్," అన్నాడు. "ఇంకోసారి పోను."

ఇంజను ఆగేసరికి ఎక్కడో నీళ్ళ చప్పుడు వినపడింది. సన్నగా, గలగలమని. చేతులు దించకుండానే తల తిప్పినాను. కాలవ గట్టున మడవ దగ్గర శేషమ్మ ఉంది. ఊరి దోవన రాలేదు, కాలవ వెంబడి వచ్చినట్టుంది. చీర ఎగదోపుకొని, పారతో మడవ తెగ్గొడతా ఉంది. రెండు నెలలకు పైగా ఎండిన నేల. నీళ్ళు నెర్రెల్లోకి దిగి, బుడగలు లేపుతా, కొయ్యకాళ్ళ మధ్యగా మా వైపు పాకతా వచ్చినాయి.

తమిళాయన మళ్ళీ ఇంజను వేసి, మిషనును వెనక్కు నడిపించుకొని గెనిమ దాటించినాడు. విజయభాస్కర్ ప్యాంటు పైకి మడుచుకుంటా, "మాట లేని మనుషులతో నాకేం పని? దిగువదానికి నా దగ్గర కాగితం ఉండాది, ఆ పక్కకు రాబాకండి," అని అరుచుకుంటా పోయినాడు.

అన్నట్టే, దిగువ కయ్య ఆయన గుంటగానే ఉంది. ఇప్పటికీ అంతే. గుంటలో నీళ్ళు చిలికే చక్రాల చప్పుడు మా ఇంట్లోకి వినపడతా ఉంటుంది. శేషమ్మ ఆ పక్కకు చూడదు. నేను రోజూ చూస్తాను. గెనిమ మీద నన్ను చూసి పలకరించకుండా పోయేవాళ్ళు కూడా ఊళ్ళో ఉన్నారు.

ఆ పొద్దు అందరూ పోయినాక కూడా నేను కయ్య మధ్యలో అట్టనే నిలబడి ఉన్నాను. నీళ్ళు వచ్చి పాదాలకు తగిలినాయి, మడమలు దాటినాయి. చేతులు తిమ్మిరెక్కినాయి. శేషమ్మ పార భుజాన వేసుకొని, నీళ్ళలో మెల్లగా నడుచుకుంటా వచ్చి, నాలుగడుగుల దూరంలో నిలబడింది. గోళ్ళ సందుల్లో పోని బొగ్గు చూసింది. అరచేతులు చూసింది.

"చాల్లే," అంది. "చేతులు దించు."

దించినాను.